వెబ్లీనా, డయానా 6ఆ: ఇంట్లో విప్పాలంటే ఏది మేలు?

ముందే చెప్పేస్తున్నా, మొదటిసారి విప్పేవాళ్ళకి వెబ్లీనే. రెండూ ఎయిర్ పిస్టల్సే, లోపల స్ప్రింగ్ ఊపుకి పిస్టన్ (గొట్టంలో ముందుకీ వెనక్కీ జరిగే ముక్క) గాలిని నొక్కితే పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, బయటికెళ్తుంది. షూటింగ్‌లో డయానా 6 బెటర్ గన్, అందులో డౌట్ లేదు, కానీ ఇక్కడ మాట్లాడేది టేబుల్ మీద ముక్కలు చేసి మళ్ళీ బిగించడం గురించి.

వెబ్లీ అంటే బర్మింగ్‌హామ్‌లో 1924లో మార్క్ వన్‌తో మొదలైన లైన్, తర్వాత సీనియర్, ప్రీమియర్, 1979లో టెంపెస్ట్. అన్నిట్లో లోపలి ఐడియా ఒకటే. బ్యారెల్ సిలిండర్ పైన కూర్చుంటుంది, దాన్ని పైకెత్తి ముందుకి లాగితే పిస్టన్ కూడా ముందుకొచ్చి స్ప్రింగ్‌ని నొక్కేస్తుంది, ట్రిగ్గర్ లాగితే పిస్టన్ వెనక్కి, అంటే మన చేతివైపు దూసుకొస్తుంది. అందుకే స్ప్రింగ్ బయటికొచ్చే దారి ముందువైపే, అక్కడున్న మర ప్లగ్, అంటే మరతో బిగించిన మూత, విప్పడమే అసలు పని.

రిస్క్ కూడా అక్కడే. గన్ కాక్ చేయకపోయినా, అంటే బ్యారెల్ లాగి షాట్‌కి రెడీగా పెట్టకపోయినా, స్ప్రింగ్ ఎంతోకొంత నొక్కుకునే ఉంటుంది, ప్లగ్ చివరి మర వదలగానే ముఖమ్మీదకి తన్నుద్ది. గుడ్డ చుట్టి అరచేత్తో అదిమిపట్టి విప్పేవాళ్ళున్నారు, నాకు నచ్చదు, ఎందుకంటే తీసేటప్పుడు ఎలాగోలా అయిపోద్ది కానీ తిరిగి బిగించేటప్పుడు ఒక చేత్తో స్ప్రింగ్‌ని తోస్తూ ఇంకో చేత్తో మర కలపాలి, కొంచెం వంకరగా పట్టిందంటే టెంపెస్ట్ లాంటి అల్లాయ్ బాడీలో మర పోయినట్టే, స్టీల్ బాడీ సీనియర్ అయితే కొంచెం ఓర్చుకుంటుంది. చెక్క ఫ్రేమ్‌కి పొడుగు బోల్టు పెట్టి చేసుకున్న స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని అదిమిపట్టి మెల్లగా వదిలే పరికరం) అయినా చాలు. కళ్ళద్దాలు పెట్టుకోండి, ప్లగ్‌కి ఎదురుగా ముఖం పెట్టకండి. పెల్లెట్ లేదని ముందే చూసుకోండి. కాక్ అయి ఇరుక్కుపోయిన గన్ అయితే అసలు ముట్టుకోకుండా గన్‌స్మిత్‌కి ఇచ్చేయండి.

డయానా 6 కథ వేరు. జర్మనీలోని రాస్టాట్‌లో తయారైంది, లోపల గిస్ సిస్టమ్ అని రెండు పిస్టన్లు ఎదురెదురు దిక్కులకి వెళ్తాయి, ఒకటి గాలిని నొక్కితే రెండోది దాని తన్నుని క్యాన్సిల్ చేస్తుంది, రికాయిల్ ఉండదు. సూపర్ ఐడియానే కానీ రెండిటినీ పళ్ళ చక్రాలు కలుపుతాయి, బిగించేటప్పుడు ఒక్క పన్ను తేడా వచ్చినా టైమింగ్ పోద్ది. పైగా పిస్టన్ పక్కనుంచి గాలి పోకుండా ఆపే ఆ కాలం ప్లాస్టిక్ సీల్స్, గన్ వాడకపోయినా పొడిపొడిగా రాలిపోతాయి, కాబట్టి డబ్బాలో కొత్తగా మెరుస్తున్న పీస్ దొరికినా లోపల సీల్ ఉందని నమ్మకండి. దీన్ని ఆ సిస్టమ్ తెలిసిన వర్క్‌షాప్‌కే ఇవ్వడం బెటర్, డబ్బులు ఎక్కువైనా సరే.

ఇంకో మాట, పవర్ తగ్గిందని వెంటనే మొత్తం విప్పక్కర్లేదు. బ్యారెల్ వెనక జాయింట్ మీద సన్నటి టిష్యూ పేపర్ ముక్క పెట్టి సేఫ్ టార్గెట్‌లోకి పెల్లెట్‌తో ఒక షాట్ కొట్టండి, కాగితం ఎగిరితే లీక్ అక్కడే, వెబ్లీలో ఆ జాయింట్‌లో ఉండే వాషర్ మార్చడానికి స్ప్రింగ్ జోలికే పోనక్కర్లేదు.

ఆయిల్ దగ్గర మాత్రం చెయ్యి కట్టేసుకోవాలి. లెదర్ సీల్‌కి ఒకటి రెండు చుక్కలు ఓకే, టెంపెస్ట్‌లో ఉండే టెఫ్లాన్ రింగ్‌కి అవసరమే లేదు. పిస్టన్ ముందు ఆయిల్ ఎక్కువైతే గాలి వేడికి అంటుకుని పొగ, పెద్ద సౌండ్, ఆ దెబ్బకి సీల్, స్ప్రింగ్ రెండూ పాడవుతాయి. స్ప్రింగ్‌కి మాలీ గ్రీజు (మాలిబ్డినం కలిసిన గ్రీజు) పలచగా రాస్తే చాలు.

స్ట్రాంగ్ స్ప్రింగ్ వేద్దామనే ఆలోచన వద్దు, ముఖ్యంగా ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళు, అక్కడ ఎయిర్ పిస్టల్ పెల్లెట్ శక్తి 6 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 8 జౌల్స్ దాటిందంటే నిషిద్ధ ఆయుధం కింద లెక్క.