లెంబిట్ కోసం టాలిన్‌లో ఒక రాత్రి

ఫిన్లాండ్‌లోని హెల్సింకీ నుంచి ఎస్టోనియా రాజధాని టాలిన్‌కి ఓడలో రెండు గంటల ప్రయాణం. చాలామంది పొద్దున వెళ్లి, పాత ఊరు ఒక చుట్టు చుట్టి, సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తారు. లెంబిట్ అనే పాత సబ్‌మెరైన్ ఉన్న లెన్నుసాదమ్ మ్యూజియం చూడాలంటే ఆ పద్ధతి కుదరదు, ఒక రాత్రి ఉండాల్సిందే. పాత ఊళ్లో హోటళ్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ ఆ రాళ్ల బాటల మీద సూట్‌కేసు లాగడం నావల్ల కాదు. అందుకే కలమాయా పేటలో ఒక చెక్క ఇంటి పైఅంతస్తు తీసుకున్నాం. లిఫ్ట్ లేదు, మెట్లు ఇరుకు. కానీ వంటగది ఉంది, అన్నం, పప్పు వండుకున్నాం. మ్యూజియానికి నడిచే వెళ్లిపోవచ్చు.

రష్యా సామ్రాజ్యం 1916-17లో సీప్లేన్ల (నీటి మీద దిగే విమానాల) కోసం కట్టించిన కాంక్రీటు గుమ్మటాల్లో ఉంది ఈ మ్యూజియం. వాటి కింద లెంబిట్ సబ్‌మెరైన్ ఉంటుంది. పొడవు 59.5 మీటర్లే. మన వైజాగ్ బీచ్‌లోని కుర్సురా 91 మీటర్లు (అదీ 1969లో బాల్టిక్ తీరంలోని రీగాలోనే మన నేవీలో చేరింది). లోపలికి దిగితే తేడా వెంటనే తెలుస్తుంది. ముందు గదిలో నాలుగు టార్పెడో గొట్టాలు, వాటి పక్కనే పడుకునే బల్లలు. బ్యాగు వీపున కాకుండా చేత్తో పట్టుకుంటేనే గుమ్మాలు దాటగలం. రద్దీ లేనప్పుడు వెళ్లండి.

దీని కథే విచిత్రం. ఎస్టోనియా 1933లో తన రెండు డిస్ట్రాయర్లను (యుద్ధనౌకలను) పెరూకి అమ్మేసింది. ఆ డబ్బుకి జనం చందాలు కలిపి ఇంగ్లండ్‌లోని బారోలో లెంబిట్‌నీ, దాని జంట కలేవ్‌నీ కట్టించుకుంది. 1937లో చేతికొచ్చాయి, 1940లో సోవియట్‌లు పట్టుకుపోయారు. అంటే లెంబిట్ సముద్రంలో మైన్లు పరిచిందీ, టార్పెడోలు వదిలిందీ అంతా తన దేశాన్ని మింగినవాళ్ల జెండా కిందే! కలేవ్ 1941లో వెళ్లి తిరిగి రాలేదు. లెంబిట్‌కి 1945లో సోవియట్‌ల రెడ్ బ్యానర్ పతకం దక్కింది. పాత ఇనుము కొట్టుకి పోకుండా కాపాడింది ఆ పేరే అని నా అనుమానం. తర్వాత శిక్షణ నౌక అయింది, రష్యాలోని గోర్కీలో కొన్నాళ్లు ఉంది, 1979లో టాలిన్ తిరిగొచ్చింది, ఆ తర్వాత మ్యూజియంగా మారింది. 1992లో ఎస్టోనియా వెనక్కి తీసుకుంది. 1994లో నేవీ జాబితాలో ఒకటో నంబరు కూడా ఇచ్చింది, అది సముద్రంలోకి వెళ్లలేదని తెలిసీ! 2011 మే దాకా, దాదాపు 75 ఏళ్లు నీళ్లలోనే ఉంది. అప్పుడు గట్టుకి లాగారు.

బయట రేవులో 1914 నాటి సూర్ టోల్ అనే మంచు బద్దలుకొట్టే నౌక ఉంది. బొగ్గు బాయిలర్లున్న గది తప్పక దిగి చూడండి. పాత ఊరి అంచున ఇదే సంస్థకి చెందిన ఇంకో శాఖ, ఫ్యాట్ మార్గరెట్ బురుజులో ఉంది. 2015లో దొరికిన మధ్యయుగపు ఓడ శిథిలం దాని ప్రత్యేకత. ఒక్కటే చూడగలిగితే మాత్రం లెన్నుసాదమ్‌కే నా ఓటు. వేసవి అయినా స్వెట్టర్ పట్టుకెళ్లండి, రేవు గాలి గట్టిగానే కొడుతుంది.