గ్రూపా, సెట్టా? టాబ్లోలో మండలాలను కూర్చే ముందు

శ్రీకాకుళం, విజయనగరం మండలవారీ లెక్కలు టాబ్లోలోకి (లెక్కలను చార్టులుగా చూపే సాఫ్ట్‌వేర్) ఎక్కించాక ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఒక మండలం ఒకే గూటిలో ఉంటే సరిపోతుందా, రెండు మూడు చోట్ల లెక్కకు రావాలా? ఒకే గూడైతే గ్రూప్, లేదంటే సెట్.

పేర్ల తేడాలు సరిదిద్దడానికి గ్రూపే మేలు. ఎచ్చెర్లను ఇంగ్లీషులో కొందరు ‘టీ’ అక్షరంతో రాస్తారు, కొందరు అది లేకుండా రాస్తారు. టాబ్లోకి అవి రెండు మండలాలు. కంట్రోల్ నొక్కి పట్టుకుని రెండు పేర్లనూ ఎంచుకుని, పేపర్‌క్లిప్ గుర్తు నొక్కితే ఒకటైపోతాయి. వచ్చే నెల ఫైల్లో మూడో రకం స్పెల్లింగ్ వస్తే మాత్రం దానంతటది చేరదు. గ్రూపులో చేరని పేర్లన్నిటినీ ఒకే మూటగా కట్టే ‘అదర్’ పెట్టి ఉంటే అందులోకి జారుకుని కంటికే ఆనదు. అందుకే ఇలాంటి పనికి ‘అదర్’ పెట్టకండి. కొత్త పేరు విడిగా నిలబడితేనే తప్పు దొరుకుతుంది.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం దగ్గరికొస్తే గ్రూప్ చేతులెత్తేస్తుంది. సోంపేట, కవిటి అటు ఉద్దానంలోనూ ఉన్నాయి, ఇటు తీర మండలాల్లోనూ ఉన్నాయి. పలాస ఉద్దానమే, తీరం కాదు. గార తీరమే, ఉద్దానం కాదు. ఒక గ్రూప్ ఫీల్డులో (కాలమ్‌లో) సోంపేటకు ఒక్కచోటే స్థానం. అదే రెండు సెట్లు చేస్తే రెండింటిలోనూ ఉంటుంది. పైగా సెట్‌ను కాలిక్యులేటెడ్ ఫీల్డులో (మనం సూత్రం రాసి తయారుచేసుకునే కాలమ్‌లో) వాడుకోవచ్చు.

2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల విభజనకు సెట్లు మరీ అక్కరకొస్తాయి. ఉమ్మడి శ్రీకాకుళం 38 మండలాలు ఒక సెట్, విభజన తర్వాతి 30 ఇంకో సెట్. రెండూ ఒకే ఫీల్డు మీద ఉండాలి. రెండింటినీ ఎంచుకుని, ‘క్రియేట్ కంబైన్డ్ సెట్’లో మొదటి దాంట్లోంచి రెండింటిలోనూ ఉన్న పేర్లు తీసేసే ఎంపిక పెడితే ఎనిమిది మిగులుతాయి: విజయనగరంలో కలిసిన రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస, పార్వతీపురం మన్యానికి వెళ్లిన పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం. 2021 వరి విస్తీర్ణాన్ని 2023తో పోల్చేటప్పుడు పాత లెక్కలోంచి వీటిని తీసేయకపోతే, ఒక్క సెంటు తగ్గకపోయినా సాగు పడిపోయినట్టు కనిపిస్తుంది.

సెట్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. సెట్ తయారుచేసే విండోలోని ‘టాప్’ ట్యాబ్‌లో వరి ఎక్కువున్న పది మండలాలని పెట్టి, ఫిల్టర్లో విజయనగరం ఎంచుకుంటే పదీ రావు, నాలుగో ఐదో వస్తాయి. టాబ్లో ముందు మొత్తం డేటాలోంచి పది తేల్చి, ఆ తర్వాతే జిల్లా ఫిల్టర్ వేస్తుంది మరి. జిల్లా ఫిల్టర్ మీద రైట్ క్లిక్ చేసి ‘యాడ్ టు కాంటెక్స్ట్’ నొక్కండి. అది బూడిద రంగులోకి మారాక జిల్లా ముందు, పది తర్వాత.

వర్షపాతాన్ని 50 మి.మీ. చొప్పున ముక్కలు చేయడానికి ఈ రెండూ కాదు, బిన్ వాడాలి.