ఇంజిన్ మిస్సింగ్ పట్టుకోవడానికి బ్లూటూత్ ఓబీడీ స్కానర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

నా దగ్గరున్నది ఈఎల్ఎమ్327 అనే చిప్ రకం బ్లూటూత్ స్కానర్. ఓబీడీ అంటే కారు తన లోపాలను తానే పసిగట్టి చెప్పే ఏర్పాటు. అగ్గిపెట్టె అంత ఉంటుంది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే, కారు కంప్యూటర్‌కి తెలిసింది మనకూ కనిపిస్తుంది. ఈ సాకెట్ అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. నేను దీన్ని కొన్నది ఒకే పని కోసం. నాలుగు సిలిండర్ల పాత పెట్రోల్ ఇంజిన్ అప్పుడప్పుడు మిస్ కొడుతుంటే, అంటే ఏదో సిలిండర్ మండకుండా పోతుంటే, కారణం తెలుసుకోవాలి. అందుకే మిగతా హంగుల జోలికి పోకుండా ఆ ఒక్క పనికి ఇది ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నాను.

ఇది ఏ సిలిండర్ మిస్ అవుతోందో చెబుతుంది. ఎందుకు మిస్ అవుతోందో చెప్పదు. పీ0302 అనే లోపం కోడ్ వస్తే రెండో సిలిండర్ అని అర్థం, అంతే. పీ0300 అయితే ఏదో ఒక సిలిండర్ అని కాకుండా అటూ ఇటూ మిస్ అవుతోందని. కోడ్ కింద చాలా యాప్‌లు "కారణాలు కావచ్చు" అంటూ ప్లగ్గు, కాయిల్ (ప్లగ్గుకి కరెంటు పంపేది), ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మేది), వైరింగ్, కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) అని వరసగా రాసేస్తాయి. అందులో వదిలేసిన భాగం ఏదైనా ఉందా? ఆ జాబితా చూసి సామాను కొనడం మొదలుపెడితే జేబుకి చిల్లు పడుతుంది.

అసలు కంప్యూటర్‌కి మిస్ ఎలా తెలుస్తుందో అర్థమైతే ఈ పరికరాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సగం చుట్టు తిరిగే ప్రతిసారీ ఒక సిలిండర్ మండాలి. మండకపోతే ఆ సగం చుట్టులో క్రాంక్ వేగం కొద్దిగా పడిపోతుంది. క్రాంక్ సెన్సర్ ఆ తేడాని పట్టుకుంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే డబ్బా) కాలిపోయేంత మిస్ ఉందా అని 200 చుట్లకోసారి, పొగ ప్రమాణం దాటేంత ఉందా అని 1000 చుట్లకోసారి కంప్యూటర్ లెక్క చూస్తుంది. మొదటి రకం అయితే చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. అప్పుడు యాక్సిలరేటర్ వదిలి బండిని నెమ్మదిగా పక్కకి తీయాలి, స్కానర్ తర్వాత చూసుకోవచ్చు. ఇంకోటి, సీట్లో జర్క్ తెలుస్తున్నా లెక్క ఆ హద్దు దాటకపోతే కోడ్ పడదు. "స్కానింగ్ పెట్టాం, ఏమీ లేదు" అని షెడ్డులో చెప్పే మాట చాలాసార్లు దీనివల్లే. బాగా గతుకుల రోడ్డు మీద చక్రాల కుదుపు క్రాంక్‌కి చేరి, లేని మిస్ ఉన్నట్టు నమోదు కావడం కూడా ఉంది.

కోడ్ లేకుండా మిస్ చూడాలంటే యాప్‌లో మోడ్ 6 అనే చోటుకి వెళ్లాలి, కంప్యూటర్ తనకు తాను చేసుకునే పరీక్షల ఫలితాలు అక్కడ ఉంటాయి. నా మటుకు ఈ పరికరం కొన్నందుకు పూర్తి ఫలితం దక్కింది ఇక్కడే. క్యాన్ (కారు కంప్యూటర్లు మాట్లాడుకునే ఒక పద్ధతి) వాడే కార్లలో ఏ2 అన్నది మొదటి సిలిండర్, ఏ3 రెండోది, అలా వరసగా. ఒక్కోదాని కింద 0బీ అంటే గత పది డ్రైవింగ్ సైకిళ్ల (స్టార్ట్ చేసి నడిపి ఆపడం ఒక సైకిల్) సగటు, 0సీ అంటే ఈసారి లేదా కిందటిసారి నడిపినప్పటి మిస్‌ల సంఖ్య. లైట్ వెలగకముందే మూడు సిలిండర్లు సున్నా దగ్గర ఉండి ఒక్కటి మాత్రం లెక్క పెంచుకుంటూ పోవడం కళ్లారా చూడొచ్చు. రిపేరు తర్వాత అసలు తగ్గిందా లేదా తెలుసుకోవడానికీ ఇదే దారి. "ఇప్పుడు స్మూత్‌గా ఉన్నట్టుంది" అనే అనుమానపు ఆనందం అక్కర్లేదు. కాకపోతే కొన్ని యాప్‌లు ఈ అంకెల్ని పేర్లు లేకుండా ముడిగా పడేస్తాయి, కొన్ని అసలు చూపించవు. నేను టార్క్, కార్ స్కానర్ అనే యాప్‌లు రెండూ వాడాను. చదవడానికి రెండోది తేలిక.

ఫ్రీజ్ ఫ్రేమ్ గురించి కూడా చెప్పాలి. కోడ్ పడిన క్షణాన ఆర్పీఎమ్ (నిమిషానికి చుట్లు) ఎంత, లోడ్ (ఇంజిన్ మీద భారం) ఎంత, కూలెంట్ వేడి ఎంత అన్నది కంప్యూటర్ దాచుకుంటుంది. కోడ్ తుడిచేస్తే అదీ పోతుంది. అందుకే తుడిచే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. నా బండిలో రెండో సిలిండర్ కోడ్ పడినప్పుడల్లా ఇంజిన్ బాగా వేడిగా, లోడ్ ఎక్కువగా ఉండేది. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు దగ్గర స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, బలహీనపడిన కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది. ఇంజిన్ ఆపి, రెండో కాయిల్‌ని మూడో సిలిండర్‌కి, మూడోదాన్ని ఇక్కడికి మార్చి, లోడ్ పడేలా ఎత్తు మీద మళ్లీ నడిపాను. మోడ్ 6లో లెక్క మూడోదానికి మారింది, కాసేపటికి పీ0303 పడింది. దోషి కాయిలే అని తేలిపోయింది. ఇలా మార్చేటప్పుడు కాయిల్, ప్లగ్గు రెండూ కలిపి మార్చకూడదు. మిస్ వాటితోపాటు ఇంకో సిలిండర్‌కి మారితే రెండింట్లో దోషి ఎవరో తెలియదు. కాయిల్ పైకి తీసినప్పుడు ప్లగ్గు గుంటలో ఆయిల్ ఉందేమో, రబ్బరు బూటు లోపల సన్నటి నల్ల గీత ఉందేమో చూడాలి. ఆ గీత వెంటే స్పార్క్ పక్కకి పారిపోతుంది. ఇలాంటివి ఏ స్కానరూ చూపించదు.

మన మెకానిక్‌లలో పాత అలవాటు ఒకటుంది, ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూడటం. కాయిల్ నేరుగా ప్లగ్గు మీద కూర్చునే ఇంజిన్లలో అది వద్దు. షాక్ కొట్టే ప్రమాదం ఉంది, మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోతుంది కూడా. తప్పదంటే ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడటం నయం, ఆ సిలిండర్‌లోకి పెట్రోలే పోదు.

ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చదవడం నేర్చుకోవడానికి మాత్రం టైమ్ పడుతుంది. ప్లస్ అంటే కంప్యూటర్ పెట్రోల్ కలుపుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సర్దుబాటు), లాంగ్ టర్మ్ (నేర్చుకుని ఉంచుకున్న సర్దుబాటు) కలిపి పది శాతం అటూ ఇటూ దాటితే ఆలోచించాలి. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ స్లోలో ఉన్నప్పుడు) ప్లస్ ఎక్కువగా ఉండి, 2500 ఆర్పీఎమ్ దగ్గర మామూలుకి వస్తే ఇన్‌టేక్ వైపు ఎక్కడో దొంగగాలి చొరబడుతున్నట్టు. తొక్కేకొద్దీ పెరుగుతుంటే పెట్రోల్ సరిగా అందట్లేదని అనుమానించాలి, పంపో ఫిల్టరో. చాలామంది పప్పులో కాలేసేది ఇంకోచోట. స్పార్క్ లేక ఒక సిలిండర్ మండకపోతే, వాడని ఆక్సిజన్ అలాగే సైలెన్సర్ దారిన బయటికొస్తుంది. ఆక్సిజన్ సెన్సర్‌కి పెట్రోల్ తెలియదు, ఆక్సిజనే తెలుసు. "మిశ్రమం పలచబడింది" అని చెబుతుంది, కంప్యూటర్ ఇంకాస్త పెట్రోల్ పోస్తుంది. అలా ఒట్టి కాయిల్ లోపానికి కూడా ట్రిమ్ ప్లస్‌లోకి పోతుంది. మిస్ ఎక్కువగా కొడుతున్నప్పుడు ట్రిమ్ చూసి ఇంజెక్టర్ మీద నేరం మోపకూడదు. ముందు స్పార్క్ సంగతి తేల్చాలి.

పరికరం మీద నాకున్న ఫిర్యాదులు వేరే. అంకెలు నెమ్మదిగా మారతాయి. ఒకేసారి పది రీడింగులు పెట్టుకుంటే ఒక్కోటి ఎప్పుడో ఒకసారి కదులుతుంది. నేను మూడు నాలుగుకి మించి పెట్టను. కారు ఆపాక సాకెట్‌లోనే వదిలేస్తే చాలా బండ్లలో బ్యాటరీని కొద్దికొద్దిగా లాగుతూనే ఉంటుంది. కొన్నాళ్లు తీయకుండా ఉంచే బండి అయితే పీకేయాలి. ఐఫోన్ వాళ్లు మామూలు బ్లూటూత్ రకం కొంటే కనెక్ట్ కాదు, వైఫై రకమో బ్లూటూత్ ఎల్ఈ రకమో చూసుకోవాలి.

అసలైన ఈఎల్ఎమ్327 చిప్ తయారు చేసిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ కెనడా కంపెనీ, 2022లో మూసేశారు. బజారులో దొరికేవాటిలో ఎక్కువ భాగం నకళ్లే. డబ్బా మీద వెర్షన్ 1.5 అని ఉంటుంది, ఆ నంబరుతో ఎల్మ్ ఏ చిప్పూ విడుదల చేయలేదు. 2.1 అని రాసిన నకళ్లలో కొన్నింటికి సగం ఆజ్ఞలు రావు, మోడ్ 6 అడిగితే మాట్లాడవు. అంటే ఏ పని కోసం కొన్నామో అదే చేయదు. వాపసు గడువు ఉండగానే కారుకి తగిలించి, మోడ్ 6 తెరుచుకుంటోందో లేదో ముందు అది చూడండి. కారు బాగున్నా నాలుగు సిలిండర్లకూ సున్నాలైనా కనిపించాలి.

కాయిల్ మార్చినా, ప్లగ్గు మార్చినా, ఇంజెక్టర్ మార్చినా మిస్ ఆ సిలిండర్‌నే పట్టుకుని వదలకపోతే స్కానర్ పని అయిపోయినట్టే. అప్పుడు కావాల్సింది సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్. నా బండిలో తర్వాత ఒకసారి అదే జరిగింది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక స్లోలో మాత్రమే నాలుగోది మిస్. గేజ్ పెడితే మిగతా మూడింటి కంటే అది బాగా తక్కువ చూపించింది. ఎగ్జాస్ట్ వాల్వ్ గ్యాప్ బిగుసుకుపోయి వాల్వ్ పూర్తిగా మూసుకోవట్లేదు. గ్యాప్ సరిచేయించాక మోడ్ 6లో నాలుగో సిలిండర్ లెక్క సున్నాకి వచ్చింది. పాత సగటు మాత్రం దిగడానికి ఇంకొన్ని డ్రైవ్‌లు పట్టింది.