కత్తెర పురుగు: తేదీ చూసి కొట్టాలా, చేను చూసి కొట్టాలా?

వరి కోతలు అయిపోగానే దుగ్గిరాల, కొల్లిపర వైపు మాగాణుల్లో దున్నకుండానే మొక్కజొన్న పెట్టేస్తారు. మోళ్ల మధ్య తడి ఆరకముందే గుంట చేసి గింజ వేయడమే. ఒకప్పుడు ఆ చేలన్నీ మినుమే. పల్లాకు తెగులు, బంగారు తీగ అనే కలుపు కలిసి మినుమును తరిమేశాక మొక్కజొన్న, జొన్న వచ్చాయి. నాలుగు డబ్బులు కనబడుతున్నాయి అనుకునేలోపు మొక్కజొన్న ఆకులు తినే కత్తెర పురుగు దిగింది. 2018లో మన దేశంలో మొదట కర్ణాటకలో కనబడింది. మన దాకా రావడానికి ఎన్నాళ్లో పట్టలేదు.

అప్పటి నుంచి ఏటా మా ఇంట్లో ఒకటే పంచాయితీ. బాబాయ్ మాట ఇది: "పదిహేనో రోజు ఒకటి, ముప్పయ్యో రోజు ఒకటి కొట్టేద్దాం రా. మళ్లీ టెన్షన్ ఉండదు." నేను గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు చేనికి వెళ్లేవాణ్ణి కాబట్టి నాది ఆయన లెక్కలో పట్నం మాట. ఆ పట్నం మాట ఏమిటంటే, విత్తే ముందే గింజకు మందు పట్టించి (అదే విత్తనశుద్ధి), ఆ తర్వాత పురుగున్న మొక్కలు లెక్కపెట్టి, అవసరమైతేనే కొట్టడం.

ముందు బాబాయ్ పద్ధతికి దక్కాల్సింది దక్కనివ్వాలి. కూలీలూ, మందు కొట్టే తైవాన్ పంపూ మనకు కావలసిన రోజే దొరకవు. తేదీ ముందే అనుకుంటే మనుషులను మాట్లాడుకోవచ్చు. పొలం మరొకరికి అప్పజెప్పి విజయవాడలో ఉంటూ నెలకోసారి వచ్చేవాళ్లకు వారం వారం లెక్కలు కుదరవు. అలాంటివాళ్లు తేదీ పెట్టుకుని కొట్టడాన్ని నేను తప్పు పట్టను.

కానీ పదిహేనో రోజు మందు ఎవరి మీద కొడుతున్నట్టు? విత్తనశుద్ధి చేసి ఉంటే ఆ రోజుకి దాని బలం ఇంకా ఉంటుంది. సయాంట్రానిలిప్రోల్, థయామెథాక్సామ్ కలిసి వచ్చే మందును కిలో విత్తనానికి 6 మి.లీ. చొప్పున పట్టిస్తే మొలిచాక రెండు మూడు వారాలు కాపాడుతుంది. ఎకరాకు 8 కిలోల విత్తనమంటే మందు 48 మి.లీ., టీ గ్లాసులో సగం. ఆ మాత్రం దానితో పోయే పురుగు మీద ట్యాంకులకు ట్యాంకులు కొడితే ముందు చచ్చేది అక్షింతల పురుగులు, సాలీళ్లు, కత్తెర పురుగు గుడ్లలోనే తన గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు. మన తరఫున జీతం లేకుండా పనిచేసేవాళ్లను మనమే పంపేసుకున్నట్టు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ప్యాకెట్ విప్పగానే గింజ గులాబీ రంగులో ఉంటే మందు పట్టించే ఇచ్చారులే అనుకుంటారు. చాలాసార్లు అది తెగుళ్ల మందు మాత్రమే, పురుగును ఏమీ చేయదు. సంచికి కట్టిన చీటీ చదవాలి. మేమూ ఒక ఏడాది రంగు చూసి నమ్మాం. ఇరవై రోజులకల్లా సుడులన్నీ, అంటే మొక్క నడిమి లేతాకు చుట్టలన్నీ, పురుగు పెంటతో రంపపు పొట్టు పోసినట్టు ఉన్నాయి.

లెక్కపెట్టడం ఎలాగో చెబుతాను. సంక్రాంతి ముందు ఒక ఆదివారం, మంచు ఇంకా ఆకుల మీదే ఉంది. గట్టు ఎక్కగానే బాబాయ్ "చేనంతా పోయిందిరా" అన్నాడు. నిజంగానే ఎటు చూసినా ఆకులకు అడ్డంగా వరసగా చిల్లులు. ఒక మొక్క సుడి మెల్లగా విప్పి చూశాను. లోపల లేతాకు శుభ్రంగా ఉంది, పురుగు లేదు. ఆకు చుట్ట చుట్టుకుని ఉన్నప్పుడు పురుగు ఒక్కచోట కొరికినా, విచ్చుకున్నాక అది నాలుగైదు చిల్లుల వరస అవుతుంది. అంటే అది పాత గాయం. మొక్కజొన్న అలాంటి ఆకు దెబ్బ నుంచి తేరుకోగలదు. మనం వెతకాల్సింది సుడిలో తడిగా ఉన్న పెంట, లేతాకు మీద గీరినట్టుండే తెల్లటి మచ్చలు. పురుగు దొరికితే తల మీద తిరగేసిన వై అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు ఉన్నాయేమో చూడాలి. అది కత్తెర పురుగు గుర్తు.

చేలో ఐదు చోట్ల, చోటుకు 20 చొప్పున 100 మొక్కలు చూశాం. చిల్లులున్నవి 31. సుడిలో తాజా పెంట ఉన్నవి 7. చిల్లులు లెక్కేస్తే వెంటనే ఖరీదైన మందు కొట్టాలి. పురుగును లెక్కేస్తే ఇంకా వేప మందుతోనే సరిపోతుంది. తాజా పెంట ఉన్న మొక్కలు 5 శాతం దాటితే, డబ్బా మీద 1500 పీపీఎం అని ఉండే వేప మందు లీటరు నీటికి 5 మి.లీ., 10 శాతం దాటితే రసాయనం అనేది మేము పాటించే లెక్క.

వేప మందు కొట్టాం. తర్వాతి ఆదివారానికి చేలో చాలావరకు పురుగు తగ్గింది గానీ తూర్పు గట్టు వైపు 10 దాటింది. అటుపక్క చేను మా కంటే మూడు వారాలు ఆలస్యంగా విత్తారు. లేత పైరున్న చోటే పురుగు నిలబడుతుంది. ఆ వైపు మాత్రమే ఎమామెక్టిన్ బెంజోయేట్ అనే రసాయనం లీటరుకు 0.4 గ్రాముల చొప్పున కొట్టించాం. షాపులో క్లోరాంట్రానిలిప్రోల్ ఇస్తామన్నారు. మంచి మందే, కానీ విత్తనానికి పట్టించిన సయాంట్రానిలిప్రోల్ కూడా అదే జాతి. ఒకే జాతి మందు వరసగా వాడితే పురుగు దానికి అలవాటు పడుతుంది.

ఏ మందయినా సాయంత్రం పూట, నాజిల్ సుడిలోకి పెట్టి కొట్టాలి. డ్రోను ఎకరాకు 10 లీటర్ల నీళ్లతోనే పని ముగిస్తుంది. అంత పలచటి తుంపర సుడి అడుగుదాకా దిగుతుందంటే నాకింకా నమ్మకం కుదరలేదు. పురుగు పెద్దదై పెంట చాటున కూర్చుందంటే పంపు మందు కూడా తగలదు. అప్పుడు 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్లు కలిపి ఒకరోజు పులియబెట్టి, వేసే ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి సుడుల్లో వేయడమే. చేతికి తొడుగు వేసుకోకుండా, గట్టు మీద గేదెలు ఉండగా ఆ పని చేయకూడదు. కంకి వేశాక మందు జోలికి పోవద్దు, పురుగులను ఏరేయడమే.

జొన్న వేసేవాళ్లకు మాత్రం నా లెక్క పనికిరాదు. జొన్న మొవ్వును లోపల తినేసే మొవ్వు ఈగ విషయంలో మొవ్వు ఎండి కనబడేసరికి లోపలి పని అయిపోయి ఉంటుంది. అక్కడ విత్తడం ఆలస్యం కాకూడదు, విత్తనశుద్ధి తప్పదు.

మొక్కజొన్నకైతే, ఇంట్లో ఒక్క మనిషి వారానికోసారి చేలోకి దిగగలిగితే విత్తనశుద్ధి, లెక్క కలిసిన పద్ధతే మేలంటాను. మొన్న ఆదివారం రాలేనని ఫోన్ చేశాను. "నువ్వు రాకపోతే ఏమైందిరా, పొద్దున్నే చూసొచ్చా. వందకు మూడు" అన్నాడు బాబాయ్.