ఎయిర్‌వార్స్ సైటు: నెలన్నర వాడాక నా మాట

సెమినార్ పేపర్ కోసమని మొదలుపెట్టాను గానీ, పేపర్ అయిపోయినా ఈ సైటు వదల్లేకపోతున్నాను. ఎయిర్‌వార్స్ లండన్ నుంచి నడిచే సంస్థ. 2014లో ఇరాక్, సిరియాల్లో ఐసిస్ ఉగ్రవాదుల మీద అమెరికా కూటమి బాంబు దాడులు మొదలయ్యాక పెట్టారు. ఫలానా చోట బాంబు పడి మామూలు జనం పోయారని అక్కడివాళ్ళు ఎవరు రాసినా, అది ఒక చిన్న ఫేస్‌బుక్ పోస్టయినా సరే, దాన్ని భద్రపరిచి తేదీ, చోటు, పేర్లు, వయసులు అన్నీ ఒక పేజీలో ఎక్కిస్తారు. చూడటానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు. లా చదివేవాళ్ళు, విలేకరులు తప్పకుండా చూడండి.

దీని విలువ తెలియాలంటే ముందు సైన్యం వైపు ఏం జరుగుతుందో తెలియాలి. జనం చనిపోయారని కబురు అందగానే ఆ కూటమి అధికారులు ముందు తమ దాడుల లాగ్ తీస్తారు. ఆ రోజు ఆ చుట్టుపక్కల మన విమానం బాంబు వేసిందా లేదా? లేదని ఉంటే ఫైలు అక్కడితో మూసేస్తారు. ఉంటే వీడియోలు అవీ చూసి, చనిపోలేదు అనేదానికన్నా చనిపోయారు అనేదానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే 'నమ్మదగినది' అని రాస్తారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ ఇంటికి వెళ్ళి బతికినవాళ్ళతో మాట్లాడటం చాలా అరుదు, 2021 చివర్లో బయటపడ్డ 1,300కి పైగా అమెరికా ఫైళ్ళలో తేలింది ఇదే.

అడ్రస్ సంగతి చూడండి. మనల్ని ఎవరైనా ఇల్లెక్కడ అంటే ఏం చెప్తాం? పూర్ణా మార్కెట్ వెనక, టైలర్ షాపు పక్క సందు అంటాం. ఇరాక్‌లోని మోసుల్‌లో కొడుకుని పోగొట్టుకున్న తండ్రి కూడా అలాగే చెప్తాడు కదా, అక్షాంశ రేఖాంశాలు చెప్పడు. చోటు సరిగ్గా తేలకపోతే సైన్యం దగ్గర ఆ ఫిర్యాదు నిలవదు. ఎయిర్‌వార్స్ వాళ్ళు ఫొటోలో మసీదు గోపురం, రోడ్డు మలుపు, కూలిన గోడ పట్టుకుని ఉపగ్రహ చిత్రాలతో పోల్చి ఆ సందుని మ్యాపు మీద గుర్తు పెడతారు, ఆ వివరాలు సైన్యానికీ పంపుతారు. నా దృష్టిలో ఈ ఒక్క పనికే ఈ సైటుకి దండం పెట్టొచ్చు.

ఇంకోటి, అన్నిటినీ ఒకే గాటన కట్టరు. దాడి చేసినవాళ్ళే ఒప్పుకుంటే ఒక గ్రేడు, రెండు మూడు నమ్మకమైన చోట్ల నుంచి వస్తే ఒకటి, ఒక్కరే చెప్తే బలహీనం, ఎవరు చేశారో గొడవుంటే అదీ విడిగా రాస్తారు.

మా మావయ్య నేవీలో పాతికేళ్ళు చేసి రిటైరయ్యారు. "ఒకసారి ఇది చూడండి మావయ్యా" అని ఒక పేజీ తెరిచి ఇచ్చాను. చాలాసేపు చదివి, "లాగ్‌లో లేనిది జరగలేదనే అనుకుంటామమ్మా, మాకు నేర్పింది అదే" అన్నారు. కోపంగా కాదు, ఆలోచిస్తూ అన్నారు.

లెక్కల్లో తేడా భయంకరంగా ఉంటుంది. కూటమి ఒప్పుకున్న పౌర మరణాలు 1,400 పైచిలుకు, ఎయిర్‌వార్స్ తక్కువలో తక్కువ వేసిన అంచనాయే 8,000 దాటింది. 2015లో ఇరాక్‌లోని హవీజాలో, ఆ కూటమిలోని డచ్ విమానాల దాడికి కనీసం 70 మంది పోతే, అది తమ పనేనని ఆ ప్రభుత్వం జనానికి చెప్పింది 2019లో.

లోపాలు లేవని కాదు. చాలా మటుకు దూరం నుంచి చేసే పని కాబట్టి, ఇంటర్నెట్ తెగిపోయిన ఊళ్ళో జరిగింది రాకుండా పోయే ప్రమాదం ఉంది. చదవాలంటే ఇంగ్లీషు బాగా రావాలి.

మన దేశంలో ఇలాంటి పని ఎవరైనా చేస్తే బాగుండుననిపిస్తోంది. డిసెంబరు 4 వైజాగ్‌లో మాకు నేవీ డే. 2021లో సరిగ్గా ఆ సాయంత్రమే నాగాలాండ్‌లోని ఓటింగ్ అనే ఊరి దగ్గర, పనిచేసి ఇంటికి తిరిగొస్తున్న బొగ్గు గని కూలీల మీద సైన్యం కాల్పులు జరిపింది. ఆరుగురు పోయారు, తర్వాత జరిగిన గొడవల్లో మరికొందరు గ్రామస్తులు. పోలీసులు 30 మంది సైనికుల మీద చార్జిషీటు వేసినా, విచారణకి కేంద్రం అనుమతి ఇవ్వలేదు. జాతీయ మానవ హక్కుల సంఘానికి కూడా సైన్యం విషయంలో నేరుగా దర్యాప్తు చేసే అధికారం లేదు, 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం కేంద్రాన్ని నివేదిక అడిగి సిఫార్సు చేయడం వరకే.

మొదటిసారి తెరిచేవాళ్ళు అంకెలున్న పేజీ దగ్గర ఆగిపోకండి. ఏదో ఒక్క ఘటన తీసి పేర్ల జాబితా, దాని కింద అక్కడివాళ్ళు అరబిక్‌లో రాసుకున్న పోస్టుల దాకా వెళ్ళండి. పడుకునే ముందు మాత్రం వద్దు, ఒకే ఇంటిపేరుతో ఏడెనిమిది పేర్లు వరసగా కనపడితే నిద్ర పట్టదు.