కరువులో పశువుల మేత: శిబిరమా, ఇంటికే గడ్డా?

విపత్తు సహాయ నిధిలో రెండు దారులున్నాయి: పశువుల శిబిరం, లేదంటే శిబిరం బయటి పశువులకు గడ్డి చేర్చే రవాణా ఖర్చు.

2022–26 నిబంధనల్లో శిబిరంలోని పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయలు, చిన్నదానికి 45. మేత, నీళ్లు, మందులు అన్నీ అందులోనే. 300 కిలోల ఆవు రోజుకు 6–7 కిలోల ఎండుమేత తింటుంది కాబట్టి ఈ డబ్బు బొటాబొటీ.

బోర్లు ఎండిన ఊరికి మాత్రం శిబిరమే దిక్కు, ట్యాంకరు ఒక్కచోటికొస్తే చాలు. అయితే మందలు కలిస్తే గాలికుంటు వ్యాధి పాకుతుంది. టీకా పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది, గేటు దగ్గర సూది వేస్తే లాభం లేదు. ఊళ్లోనే ముందుగా వేయించాలి.

నీళ్లున్న చోట, పాడి గేదెలున్న ఇంటికి గడ్డి రావడమే నయం. పాల కేంద్రం దగ్గర్లోనే ఉంటుంది, శిబిరంలో రాత్రి కాపలా కాసే బాధ ఉండదు. లారీ దించేటప్పుడే మోపు మధ్యలో చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉండి ముక్కిన వాసన కొడితే తిప్పి పంపండి, బూజు గడ్డితో పశువు చనిపోవచ్చు. మంచి వరిగడ్డిలోనూ మాంసకృత్తులు తక్కువే. అవి పెరగాలంటే 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50–60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి తొక్కి, 3 వారాలు గాలి చొరకుండా కప్పండి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టాలి. 6 నెలల్లోపు దూడలకు అసలు పెట్టొద్దు.