చిన్నపిల్లలతో అండమాన్: ఏది పనికొచ్చింది, ఏది దండగ

అండమాన్ నుంచి వచ్చి రెండు వారాలైంది. అక్కడ నీకు ఏం బాగా నచ్చిందే అని మా చిన్నదాన్ని ఎవరడిగినా ఒకటే చెబుతోంది, "నడిచే గవ్వ". గాజు అడుగు పడవ, సబ్‌మెరైన్, స్పీడ్ బోటు, ఇలా మేం డబ్బులు పోసిన వాటిలో ఒక్కదాని పేరూ ఇంతవరకు దాని నోట రాలేదు. పెద్దోడు కాస్త నయం, జింకల గురించి కూడా చెబుతున్నాడు. వాడికి ఏడేళ్ళు, దానికి నాలుగు, మాతో పాటు మా అత్తగారు కూడా వచ్చారు. ఇలాంటి బృందంతో వెళ్ళేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నా, కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఇందులో పెద్దగా ఏమీ దొరకదు.

విజయవాడ వాళ్ళకి ద్వీపమంటే భవానీ ద్వీపం, బీచ్ అంటే సూర్యలంకో మంగినపూడో. సూర్యలంకలో పిల్లల్ని నీళ్ళలోకి దింపాక నేను ఏనాడూ ప్రశాంతంగా నిలబడింది లేదు, కాళ్ళ కింద ఇసుక లాగేసే ఆ అలలు చూస్తేనే టెన్షన్. అలలు పెద్దగా లేని సముద్రం కావాలనే అండమాన్ అనుకున్నాం. సంక్రాంతి హడావుడి అయిపోయాక చెన్నై దాకా రైలెక్కి, రాత్రికి ఎయిర్‌పోర్టు దగ్గర్లో పడుకుని, పొద్దున్నే విమానం పట్టుకున్నాం. అక్కణ్ణించి రెండు గంటల పైచిలుకు. గన్నవరం నుంచి హైదరాబాద్ మీదుగా కూడా వెళ్ళొచ్చు. విశాఖ నుంచి ఓడ ఉంది గానీ రెండు రోజుల పైనే ప్రయాణం, చిన్నపిల్లలతో నాకంత ధైర్యం లేదు.

పేర్ల దగ్గర తికమక పడకండి. విమానం దిగే పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. హావ్‌లాక్ దీవిని స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవిని షహీద్ ద్వీప్ అని 2018లోనే మార్చారు. టికెట్ మీద ఒకటి ఉంటుంది, జనం నోట్లో ఇంకోటి ఉంటుంది. మమ్మల్ని ఎక్కించుకున్న టాక్సీ అబ్బాయి మా గోల కాసేపు విని "మీది బెజవాడాండీ?" అని తెలుగులో అడిగేసరికి మా అత్తగారి మొహం వెలిగిపోయింది. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చారట. అక్కడ తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, భాష రాదని పెద్దవాళ్ళు బెంగపడక్కర్లేదు.

మాకు బాగా ఇబ్బంది అయింది హావ్‌లాక్ వెళ్ళే ఫెర్రీ దగ్గర. మధ్యాహ్నం వెళ్ళాల్సిన ప్రైవేటు బోటుని ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఒక మెసేజ్ పెట్టి పొద్దున ఆరున్నరకి మార్చేశారు. ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. పిల్లల్ని నిద్రమొహాలతో లేపి, ఖాళీ కడుపుతో ఎక్కకూడదని హోటల్ వాడిచ్చిన పూరీలు కుక్కాను. అదే తప్పయింది. మూసేసిన ఏసీ హాలు, ఊగుడు, నూనె వాసన, అరగంటలో ఇద్దరూ వరసగా వాంతులు. ఇంకా గంట పైన ప్రయాణం ఉంది. ముందురోజే మీ పిల్లల డాక్టర్ని అడిగి మందు దగ్గర పెట్టుకోండి, రెండు బిస్కెట్లకి మించి పెట్టకండి, సీట్లు పడవ మధ్యలో అడగండి, ముందు వైపు ఎక్కువ ఎగురుతుంది. తిరుగు ప్రయాణంలో ప్రభుత్వ ఫెర్రీ తీసుకున్నాం. మెల్లిగా పోతుంది, సీట్లు పాతవే, కానీ డెక్ మీదకి వెళ్ళి గాలి పీల్చుకోవచ్చు. ఎవరికీ ఏమీ కాలేదు.

హావ్‌లాక్‌లో మొదటి రాత్రి బస కూడా దెబ్బే. బీచ్ ముందే అన్నారు. అబద్ధమనలేం, ఎదురుగా సముద్రం ఉంది, కాకపోతే దిగడానికి వీల్లేకుండా అంతా చచ్చిన పగడపు రాళ్ళు, అంచులు బ్లేడుల్లా ఉన్నాయి. ఫొటోలన్నీ పోటు మీదున్నప్పుడు తీసినవి. బుక్ చేసేముందు నీళ్ళు తగ్గినప్పటి ఫొటో అడగాలని నాకెవరూ చెప్పలేదు. పొద్దున్నే ఖాళీ చేసి విజయనగర్ బీచ్ వైపు ఒక మామూలు కాటేజీకి మారాం. స్విమ్మింగ్ పూల్ లేదు, వేడినీళ్ళు అడిగితే బకెట్‌లో తెచ్చిస్తారు, కానీ గది మెట్టు దిగితే ఇసుకే. నడిపేది బెంగాలీ కుటుంబం, ఆ దీవిలో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళే. అన్నం, పప్పు, వేయించిన చేప రెండు పూటలా వేడిగా పెట్టేవారు, కారం లేకుండా అని ఒక్కసారి చెబితే చాలు. మా అత్తగారు మోసుకొచ్చిన కందిపొడి డబ్బా మూడోరోజుకి వాళ్ళ వంటింట్లోకి చేరింది.

మేం వెళ్ళింది పౌర్ణమి దగ్గర. ఆ రోజుల్లో ఆటూ పోటూ రెండూ ఎక్కువ. సాయంత్రం నాలుగు ప్రాంతంలో నీళ్ళు అంత దూరం వెనక్కి పోయేవి, పడవలు ఇసుక మీద ఒరిగి పడుకునేవి. అప్పటిదాకా సముద్రమున్న చోట మోకాలి లోతు మడుగులు, వాటిలో వేలెడు చేపలు, నల్లటి సముద్ర దోసకాయలనే జీవులు. ఒడ్డున చెట్ల నీడలో గవ్వలు ఏరుకుందామని చిన్నది కూర్చుంటే, చేతిలో పెట్టుకున్న గవ్వ కదిలింది. కెవ్వుమని వదిలేసింది. సన్యాసి పీత. దాని వెనక సగం మెత్తగా ఉంటుంది, అందుకే ఖాళీ గవ్వ వెతుక్కుని దూరిపోతుంది, ఒళ్ళు పెరిగితే ఇంకో పెద్ద గవ్వకి మారుతుంది. ఇద్దరూ బోర్లా పడుకుని గడ్డాలు ఇసుకకి ఆనించి, ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. ఒక నిమిషం కదలకుండా ఉంటే ముందు రెండు కళ్ళు పుల్లల మీద పైకొస్తాయి, తర్వాత ఒక కాలు, ఆ తర్వాత మొత్తం ఇల్లు నెత్తిన పెట్టుకుని పరుగు. కొబ్బరి ముక్క పెడితే పది పోగయ్యాయి. మూడు సాయంత్రాలు ఇదే ఆట, రూపాయి ఖర్చు లేదు. ఆటు టైము రోజుకి ముప్పావుగంట చొప్పున ఆలస్యమవుతుంది, ముందే చూసుకుని వెళ్తే మీకూ కలిసొస్తుంది. గవ్వలు, పగడాలు మాత్రం ఇంటికి తేకూడదు, అక్కడ నిషేధం.

రాధానగర్ బీచ్ గురించి అందరూ రాసేదే, అందంలో తిరుగులేదు. ఇసుక పిండిలా ఉంటుంది, స్నానాల గదులు శుభ్రంగా ఉన్నాయి. కానీ అలలు ఉంటాయి, చిన్నదాన్ని చెయ్యి వదల్లేదు. జనవరిలో ఐదుంపావు దాటితే సూర్యుడు ఉండడు, మన ఊరి లెక్కలో ఆరింటికి బయల్దేరారో అంతే.

ఎలిఫెంట్ బీచ్‌కి స్పీడ్ బోటులో వెళ్ళాం. దిగగానే పెద్దోడు "ఏనుగేదీ?" అన్నాడు. ఈదే ఏనుగు రాజన్ ఈ దీవిలోనే ఉండేది, 2016లో చనిపోయిందని చెబితే వాడు అలిగి కూర్చున్నాడు. గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ళలోకి చూసే స్నార్కెలింగ్ మా ఆయన ఒక్కరే చేశారు, బాగుందన్నారు. పిల్లల సైజు లైఫ్ జాకెట్ అడిగితే పెద్దవాళ్ళదే తాడుతో బిగించి కట్టబోయారు, వద్దని తీసేశాం. చేతులకి వేసే గాలి బెలూన్లు జాకెట్‌కి బదులు కాదు, అది కూడా గుర్తుంచుకోండి. ఐదేళ్ళలోపు పిల్లలుంటే ఆ పూట కాటేజీ ముందు ఇసుకలో గడపడమే మేలు.

నీల్‌లో బీచ్‌ల పేర్లు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. మా అత్తగారికి అక్కడ రామాయణం మొత్తం చెప్పే అవకాశం దొరికింది. భరత్‌పూర్ జెట్టీ పక్కనే, నీళ్ళు చాలా దూరం దాకా లోతు లేవు, మొత్తం ట్రిప్పులో నేను స్థిమితంగా కూర్చుని కొబ్బరిబొండం తాగింది అక్కడే. గాజు అడుగు పడవ అక్కడే ఎక్కాం. ఐదు నిమిషాలు చేపలు, తర్వాత "ఎప్పుడు దిగుతాం". పగడాలకి బ్రోచర్‌లో ఉన్న రంగులు ఆశించకండి, సముద్రం వేడెక్కి 2010లో చాలా పగడాలు తెల్లబడి చచ్చిపోయాయి. సహజ రాతి వంతెనకి పెద్దోడిని తీసుకుని వాళ్ళ నాన్న వెళ్ళారు, నాచు రాళ్ళ మీద నడక, నాలుగేళ్ళవాళ్ళతో వద్దు.

పోర్ట్ బ్లెయిర్‌లో పిల్లలకి రెండే చాలు. నేవీ వాళ్ళ సముద్రిక మ్యూజియంలో తిమింగలం అస్థిపంజరం, రాస్ ద్వీపంలో మనుషుల్ని చూసి బెదరని జింకలు, నెమళ్ళు. శిథిలాల గోడల్ని మర్రి వేళ్ళు ఎలా పట్టేశాయో పెద్దోడికి తెగ నచ్చింది. సెల్యులార్ జైలుకి తప్పక వెళ్ళాలి, కానీ పగటిపూట, రాత్రి లైట్ షోలో చిన్నది నా ఒళ్ళో పడుకుండిపోయింది. నార్త్ బేలో సబ్‌మెరైన్, అంటే సగం మునిగి ఉండే పడవ, మాకు దండగ.

ఇసుక ఈగలు కుట్టిన దద్దుర్లు ఇప్పటికీ మానలేదు, కాళ్ళకి కొబ్బరినూనె దట్టంగా రాసుకోమని కాటేజీ ఆవిడ మొదటిరోజే చెప్పింది, మేమే వినలేదు. మళ్ళీ వెళ్తే నార్త్ బే, ఎలిఫెంట్ బీచ్ తీసేసి ఆ రెండు రోజులూ అదే కాటేజీలో ఉంటాం. కందిపొడి ఈసారి రెండు డబ్బాలు పట్టుకెళ్ళాలట, మా అత్తగారు అప్పుడే చెప్పేశారు.